ముద్దాయి ఫ్యాను

మా వీధిలో దొంగతనం చేయాలంటే మగ్గం గురించి కొంచెమైనా తెలిసి ఉండాలి. రొద్దం నుంచి వచ్చిన ఉదయ్ కుమార్‌కు అదే తెలియదు. మా పక్కింటి కొండప్ప మగ్గం మీద జరీ రీలు కనిపిస్తే జేబులో వేసుకుని బయటపడ్డాడు. దాని కొస ఇంకా చీర అంచుకే ముడిపడి ఉందని చూసుకోలేదు. ధర్మవరం బస్టాండు దాకా వీధి పొడుగునా జరీ పరుచుకుంటూ పోయాడు.

కొండప్ప భార్య మంజులత ఆ జరీ పట్టుకుని వెంటపడింది. ఊరికే పరిగెత్తి ఉంటే సందు మలుపులోనే దొరికేవాడు. కానీ జరీ మట్టిపాలవుతుంటే మావాళ్లకు ప్రాణం ఒప్పదు. ఆమె చుట్టుకుంటూ, చిక్కు తీసుకుంటూ వెళ్లేసరికి వాడు హిందూపురం బస్సెక్కి టికెట్టు కూడా కొన్నాడు. అయినా సరే, జరీ వెంట నడిచి వాడి జేబు దగ్గర ఆగింది.

మొదటి తప్పు, చిన్న సొత్తు, అదీ దొరికింది. కొత్త చట్టం ప్రకారం జైలు వద్దు, సమాజ సేవ చాలన్నారు జడ్జిగారు. "ఎవరి కష్టం ఎత్తుకుపోయావో వాళ్లింట్లోనే మగ్గం మీద కూర్చుని ఒక చీర నెయ్యి" అని తీర్పిచ్చారు. మర్నాడు పేపర్లో 'దొంగకు తగిన శిక్ష' అని వేశారు. అబద్ధమెందుకు, నేనూ సంబరపడ్డాను. కొండప్ప మాత్రం ఆ వార్తను వేలు పెట్టి రెండుసార్లు చదివాడు.

"ఏమబ్బా, మగ్గం గుంటలో కూచునేది శిక్షంటనా?" అన్నాడు చివరికి.

"ఆయప్పకు శిక్షలేప్పా, నీకు కాదు" అన్నాను. నాకే నచ్చలేదు ఆ మాట.

కొండప్ప తమ్ముడు ఫ్యాక్టరీ పనికి పోయాక ఖాళీగా ఉన్న రెండో మగ్గం గుంటలో కాళ్లు దింపించి ఉదయ్‌ను కూర్చోబెట్టారు. కాపలాకు కానిస్టేబుల్ ఉలిగప్ప వచ్చాడు. వెంట రూల్సు వచ్చాయి. ముద్దాయికి గాలి ఆడాలని ఒక టేబుల్ ఫ్యాను తెచ్చారు. టీకి విరామం, సాయంత్రం కాగానే సెలవు. పక్క గుంటలో కొండప్ప చెమటలు కక్కుతూ, వాడు వెళ్లాక కూడా నేస్తూనే ఉండేవాడు. ఒకరోజు మంజులత ఫ్యానును మొగుడి వైపు తిప్పింది.

"తిప్పద్దు తల్లీ, అది ముద్దాయిది" అని ఉలిగప్ప మళ్లీ వాడి వైపు తిప్పాడు. నాకు ఒళ్లు మండింది.

కొన్నాళ్లకు డాక్టరు వచ్చి ఉదయ్‌ను పరీక్ష చేశాడు. మోకాళ్లు పట్టేశాయి, చూపు మసకబారింది, ఈ పని మనిషి ఒంటికి మంచిది కాదని రాసిచ్చాడు. జడ్జిగారు చాలా బాధపడ్డారు. శిక్ష మరీ కఠినమైందని రద్దు చేసి, పెనుకొండలో ఆసుపత్రి ఊడ్చే పని వేశారు. నేనూ కొండప్పతో కోర్టుకు వెళ్లాను. అందరూ లేస్తుంటే కొండప్ప చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"సామీ, ఆయప్పను ఇడిస్తిరి. నన్నెప్పుడు ఇడుస్తారు?"

"నువ్వేం చేశావు?" అన్నారు జడ్జిగారు.

కొండప్ప నిజంగానే ఆలోచించాడు. "తెలీదు సామీ. మా నాయన కూచోబెట్టినాడు."

తర్వాతి కేసు పిలిచారు.

సాయంత్రం ఉలిగప్ప ఫ్యాను కోసం వచ్చాడు. అది కొండప్ప మగ్గం ముందు గిర్రున తిరుగుతోంది. అంత హాయిగా ఆయన మొహాన్ని నేనెప్పుడూ చూడలేదు.

"ఇయ్యప్పా, స్టేషన్లో అప్పజెప్పల్ల."

"ఇయ్యను. దీన్ని నేను దొంగతనం చేసినా. రాసుకో."

"ఎగతాళా?"

"కాదబ్బా. మొదటి తప్పే. చిన్న సొత్తే. అడిగితే తిరిగి ఇచ్చేస్తా. చట్టం పకారం అన్నీ సరిగ్గా ఉండాయి కదా?"

ఉలిగప్ప టోపీ తీసి నెత్తి గోక్కున్నాడు. ఆ లెక్కలో తప్పేమీ కనిపించలేదు. మంజులత అప్పటికే మొగుడికి ఉతికిన చొక్కా తెచ్చి పెట్టింది. కొండప్ప గోడ పట్టుకుని, మోకాళ్లు పటపటమంటుంటే గుంటలోంచి పైకి లేచి రెండు చేతులూ ముందుకు చాపాడు.

"పెనుకొండ ఆసుపత్రిలో పొద్దు మునిగితే ఇంటికి పంపిస్తారు కదప్పా?" అని అడిగాడు.