మూడో గుర్తు

అయిదు వారాలుగా సొన్నమ్మ అన్నిటికీ పదికి పదే వేస్తోంది. మెట్లెక్కితే ఎలా ఉంది? పది. ఏటవాలులో దిగితే? పది. గచ్చు మీద వట్టి కాళ్లతో నడిస్తే? అదీ పదే. ఎదురుగా కూర్చున్న శ్రీజ ఆ పదులన్నీ కాగితం మీద రాసుకుని, పెన్నుకి మూత పెట్టి, ఆమె వైపు అనుమానంగా చూసేది.

"కొంచెం హానెస్ట్‌గా చెప్పండమ్మా. టెస్టింగ్ అంటేనే తప్పులు పట్టుకోవడానికి. బాగాలేదంటే నేనేం ఫీల్ అవ్వను."

"బాగుండేదాన్ని బాగలేదని ఎట్ల చెప్పేది పాపా? బంగారమట్ల ఉండాది."

శ్రీజ హూడిలో ఒక చిన్న కంపెనీలో ఇంజినీరు. కాలు పోయినవాళ్ల కోసం ఆ కంపెనీ కొత్త రకం పాదం ఒకటి తయారుచేసింది. చీలమండ దగ్గర తిప్పే బిళ్ల ఉంటుంది, దాని మీద మూడు గుర్తులు. మొదటిది చెప్పులతో నడవడానికి, రెండోది ఏటవాలుకి, మూడోది వట్టి కాళ్లతో నడవడానికి. గుర్తు మారిస్తే పాదం వంపు మారుతుంది. దాన్ని ఆరు వారాలు వాడి చూడటానికి ఒప్పుకున్నవాళ్లలో, మడివాళ మార్కెట్లో ఆకుకూరలమ్మే సొన్నమ్మ ఒకతె. ఆమెకు ఎడమ కాలు మోకాలి కింద నుంచి లేదు.

ఆమెకు కావలసింది మూడో గుర్తే. పాత పాదం చెప్పు ఎత్తుకు సరిపోయేలా చేసింది. చెప్పు తీస్తే మనిషిని వెనక్కి పడేస్తుంది. అందుకే ఇంట్లో కూడా చెప్పుతోనే తిరిగేది, దేవుడి పటాలకు గడప ఇవతల నుంచే దండం పెట్టుకునేది. దానికి అలవాటు పడింది. అలవాటు పడలేనిది ఒక్కటే. ఆస్పత్రిలో ఆమెకు కాలు తీసిన వారంలోనే ఇంటి దగ్గర భర్త వెంకటగిరియప్ప గుండె ఆగిపోయింది. సర్జాపుర దగ్గర మరిది పొలంలో పూడ్చారు. పదకొండో రోజున ఆమెను ఆటోలో గట్టు దాకా తీసుకుపోతే, లోపలే కూర్చుని దూరం నుంచి చూసి వచ్చేసింది. ముప్పై ఏళ్లు కాపురం చేసిన మనిషి మీద పిడికెడు మట్టి వేయలేకపోయింది. ఆ దుఃఖం ఆమెను లోలోపల తినేస్తోంది.

వచ్చే సోమవారం సంవత్సరం పూజ. సమాధి దగ్గరికి ఎవరూ చెప్పులతో పోరు. చంకకర్రలతో పోవచ్చుగదా అన్నారు ఇంట్లోవాళ్లు. సొన్నమ్మ ససేమిరా అంది. ఆయన చివరిసారి చూసినప్పుడు ఆమెకు రెండు కాళ్లూ ఉన్నాయి. రెండు కాళ్లతోనే ఆయన దగ్గరికి నడిచి పోవాలని ఆమె పంతం.

ఆ పంతానికే ఇప్పుడు చిక్కొచ్చిపడింది. పది రోజుల కింద మొండికాలి కొస ఎర్రగా కందింది, ఆ తర్వాత పుండైంది. మూడో గుర్తు పెట్టి నడిచినప్పుడే అక్కడ ఒత్తుకుంటోందని ఆమెకు తెలుసు. పుండు పడితే వెంటనే చెప్పాలి, పాదం తిరిగిచ్చెయ్యాలి అని శ్రీజ మొదటి రోజే చెప్పింది. వారం వారం కాలు చూసే నర్సు బేబీ సెలవులో ఉండటం కలిసొచ్చింది. గుడ్డ చుట్టుకుని, పైన మేజోడు తొడుక్కుని, మొహాన నవ్వు పులుముకుని గురువారం హూడికి వచ్చింది.

ఆ రోజు గదిలో ఇంకో మనిషి ఉన్నాడు. పేరు రియాజ్, వెల్డింగ్ పని, నలభై అయిదేళ్లుంటాయి. షుగరుతో కుడి కాలు పోయింది.

"మిగతావాళ్లు మూడో గుర్తు పెద్దగా వాడలేదమ్మా," అంది శ్రీజ. "మీరొక్కరే రోజూ వాడారు, అన్నీ పదులే. అందుకే రియాజ్ గారికి డైరెక్ట్‌గా దాంతోనే స్టార్ట్ చేస్తున్నాం."

"నమాజుకి చెప్పులిడిచి సరిగ్గా నిలబడితే చాలక్కా," అన్నాడు రియాజ్. "నొప్పంటారా, నాకు అసలు తెలీదు. కాలు మొద్దుబారిపోయిండాది. సూది గుచ్చినా తెలీదు." అని నవ్వాడు.

సొన్నమ్మకు నవ్వు రాలేదు. ఆమె కాలు పోయింది కూడా బొటనవేలి మీద చిన్న పుండుతోనే. వెంకటగిరియప్ప రోజూ అడిగేవాడు, కుంటుతున్నావు, కాలికేమైందని. మార్కెట్టుకు పోవద్దంటాడని భయపడి, "ఏమీ లేదు మామా" అనేది. మూడు నెలలు అలాగే అంది. ఇప్పుడు ఇక్కడ కూర్చుని చేస్తున్నదీ అదే.

"పాపా, ఆ పదులన్నీ కొట్టెయ్యి. సుమ్నే, ఉత్తుత్తికే చెప్పినా," అంటూ ఆమె కాలు ఊడదీసి, మేజోడు లాగి, గుడ్డ విప్పింది.

శ్రీజ మొహం పాలిపోయింది. "ఎన్నాళ్ల నుంచమ్మా?"

"పది దినాలాయ. సోమారం మా ఆయన పూజ ఉండాది. చెప్పులేసుకోని సమాధి కాడికి పోయేకి లేదు. ఆ ఒక్క దినం కోసరం అబద్ధం చెప్పినా. ఈయప్పకు మూడోది పెట్టద్దు తల్లీ. ఈయప్పకు నొప్పి కూడా తెలీదంట."

సోమవారం దాకా ఉంచుకోండి అనడానికి శ్రీజ నోరు తెరిచింది. పుండు వైపు చూసి ఆగిపోయింది. తలవంచుకుని, ఆమె ఊడదీసిన కాలికి కొత్త పాదం విప్పేసి, పాతది బిగించి సంచిలో పెట్టింది. పుండు మానేదాకా దీన్ని కూడా తొడగొద్దని, ఒక జత చంకకర్రలు తెచ్చి చేతికిచ్చింది. మూడో గుర్తు సరిచెయ్యడానికి మూడు నెలలు పడుతుందని, అప్పుడు ముందుగా ఆమెనే పిలుస్తానని చెప్పింది. సొన్నమ్మ తలూపింది. రియాజ్ లేచి, తన చంకకర్రతోనే నెమ్మదిగా నడుస్తూ, ఆమెను ఆటో దాకా సాగనంపాడు.

సోమవారం మరిది కొడుకు హరీశ్ ఆమెను పొలానికి తీసుకొచ్చాడు. గట్టు మీద అందరూ చెప్పులు విడిచారు. ఆ జతల పక్కన సొన్నమ్మ తన ఒంటి చెప్పు విడిచింది.

"ఎత్తుకోని పోతా పెద్దమ్మా," అన్నాడు హరీశ్.

"వద్దప్పా. నేనే పోతా."

దుక్కిలో చంకకర్రలు దిగబడుతున్నాయి. నాలుగడుగులు వేసి ఆగి, మళ్లీ నాలుగడుగులు వేసి, చెమటలు కక్కుతూ సమాధి దగ్గరికి చేరింది. పక్కనే కూలబడి, పిడికెడు మట్టి తీసి దాని మీద వేసింది. కాలికేమైందని ఆయన ఎప్పటిలాగే అడిగినట్టనిపించింది.

"పుండాయ మామా," అంది సొన్నమ్మ. "నీకు చెప్పకపోతిని. కాలు తీసేసినారు."