మూడో బల్ల దగ్గర కుర్చీ

తువ్వాలు కొస తడిపి బ్యాటు రబ్బరు తుడుస్తున్నాడు, పైనుంచి కిందికి, తొందర లేకుండా. రబ్బరు ఒక మూల లేచిపోయింది. బొటనవేలితో అదిమి పట్టి, అంటుకుందో లేదో చూసి, మళ్లీ అదిమాడు. ఆ తర్వాత గోడకు ఆనుకుని కుడి మోకాలికి పట్టీ చుట్టుకున్నాడు. తరగతి గదిలో బెంచీలన్నీ ఒక పక్కకు నెట్టి, నేల మీద పదహారు మంది పడుకున్నారు. ఆటగాళ్లకు ఇచ్చిన బస అదే. అందరికీ కలిపి ఒకటే కుళాయి.

నలభై ఆరేళ్ల మనిషి. సైకిల్ దుకాణంలో చక్రాల వంకర తీసే పని. ఇరవై రెండేళ్లుగా ఏటా ఈ టేబుల్ టెన్నిస్ పోటీలకు వస్తున్నాడు, మొదటి ఆటలోనో రెండో ఆటలోనో ఓడి వెళుతున్నాడు. ఓడిపోవడానికి అంత దూరం పోవాలా, ఇక్కడే ఓడొచ్చుగా అంటుంది భార్య, సంచీ సర్దుతూ. అంటూనే ఉతికిన చొక్కా ఇంకొకటి పెడుతుంది, ఒకవేళ గెలిచి మరో రోజు ఉండాల్సి వస్తుందేమోనని. ఆ రెండో చొక్కా ఏటా మడత విప్పకుండానే ఇంటికొస్తుంది.

ఈ పోటీల్లో ఒక పద్ధతి ఉంది. పొద్దున మొదటి ఆటలకు సంఘం మనుషులు పాయింట్లు లెక్కపెట్టి, తమ పనుల మీద పోతారు. అక్కడినుంచి ఓడినవాడు ఓడిన బల్ల దగ్గరే కుర్చీలో కూర్చుని తర్వాతి ఆటకు లెక్కపెట్టాలి. అలా పెట్టాకే భోజనం టోకెన్ ఇస్తారు. నీలం కోటు వేసుకున్న అసలు అంపైర్లు ఫైనల్ రోజున గాని రారు. అందువల్ల ఇతను ఆడినదానికన్నా కుర్చీలో కూర్చున్నదే ఎక్కువ. ఒక్కసారీ లెక్క తప్పలేదు. అందరూ లెక్కల మామ అంటారు.

ఆ నీలం కోటు మీద అతనికి ఆశ. మోకాలు ఇక ఆడనిచ్చేలా లేదు. కోటు వస్తే ఆడకపోయినా ఏటా ఈ హాలుకు రావచ్చు. మూడుసార్లు అంపైర్ పరీక్ష రాశాడు. మూడుసార్లూ ప్రశ్నలు కూడబలుక్కుని చదివేలోపు గంట కొట్టేశారు.

నిన్న సాయంత్రం కుళాయి దగ్గర అందరినీ పోగేసింది ఎడమచేతి పిల్ల. పోయిన ఏడు ఆడవాళ్ల పోటీ గెలిచింది ఆ అమ్మాయే. మగవాళ్ల బహుమతిలో ఆమెకు ప్రకటించింది సగం కూడా లేదు, ఆ కాస్తా ఇంతవరకు చేతికి రాలేదు. అడిగితే చప్పట్లు కొట్టించాం కదా అన్నారట. ఓడిన పూటే గది ఖాళీ చెయ్యమంటున్నారని ఒకరు, మంచినీళ్లకు వీధిలోకి పొమ్మంటున్నారని ఒకరు, ఎవరి బాధ వాళ్లు చెప్పుకున్నారు. చివరికి ఒక మాట మీదికి వచ్చారు. రేపు ఓడినవాళ్లెవరూ కుర్చీలో కూర్చోకూడదు. లెక్కపెట్టేవాడు లేకపోతే ఆట సాగదు. మొదట ఓడినవాడు గట్టిగా నిలబడితే తక్కినవాళ్లూ నిలబడతారు.

మొదట ఓడేదెవరో అందరికీ తెలుసు. అతనికీ తెలుసు. ఎవరి చెప్పుల వైపు వాళ్లు చూసుకున్నారు.

అందుకని ఈ పొద్దున మూడో బల్ల దగ్గర అతను ఎన్నడూ ఆడనట్టు ఆడాడు. గెలిస్తే ఆ బరువు ఇంకొకరి మీద పడుతుంది. వెనక్కి జరిగి, వచ్చిన బంతినల్లా కోసి పంపాడు. అవతలివాడు కొట్టీ కొట్టీ రొప్పుతున్నాడు. అయిదో గేము తొమ్మిది తొమ్మిది దాకా లాగాడు. తర్వాత ఒక బంతి నెట్‌కు తగిలి అతని వైపే పడింది. ఇంకొకటి అందుకోబోతే మోకాలు వంగలేదు. అయిపోయింది.

గెలిచినవాడు చెయ్యి కలిపి, గెలిచినవాడిలా కాకుండా, "ఏమనుకోకు మామా" అన్నాడు.

లెక్కపెట్టిన మనిషి లేచిపోయాడు. కుర్చీ ఖాళీ అయింది. ఆడాల్సిన ఇద్దరూ వచ్చి నిలబడ్డారు. అతను కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాడు, కూర్చోలేదు. అటు చూసి నాలుగో బల్ల ఆగింది, ఒకటో బల్ల ఆగింది. బంతుల చప్పుడు సన్నగిల్లి, హాల్లో ఫ్యాన్ల మోత వినపడింది.

సంఘం సెక్రటరీ వచ్చాడు, ఆయనా అంపైరే. కోప్పడలేదు. తన నీలం కోటు విప్పి కుర్చీ వీపు మీద వేశాడు.

"పరీక్ష సంగతి నేను చూసుకుంటానయ్యా. నువ్వు కూర్చో. నువ్వు కూర్చుంటే వాళ్లంతా కూర్చుంటారు."

కోటు బట్ట అతని వేళ్లకు తగిలింది. అనుకున్నదానికన్నా మెత్తగా ఉంది.

"మోకాలు బాలేదు సార్" అన్నాడు.

"కూర్చోవడానికి మోకాలెందుకయ్యా?"

"లేవడానికి సార్."

ఎవరో కిసుక్కుమన్నారు. సెక్రటరీ కోటు తీసుకుని వెళ్లిపోయాడు.

రెండు గంటలు నిలబడ్డాడు. బరువంతా ఎడమ కాలి మీద వేసి, అది తిమ్మిరెక్కితే కుడి కాలి మీదికి మార్చి, కుడిది ఓర్చుకోలేక మళ్లీ ఎడమకే వచ్చి. తక్కిన బల్లల దగ్గర ఓడినవాళ్లూ ఖాళీ కుర్చీల పక్కన అలాగే నిలబడ్డారు. ఎడమచేతి పిల్ల ఆఫీసు గదిలోకి పోతూ వస్తూ ఉంది. మధ్యాహ్నానికి తేలింది. ఓడినా గెలిచినా అందరికీ భోజనం. పోటీలయ్యేదాకా గది. పాత బహుమతి సాయంత్రంలోపు చేతికి. ఆడవాళ్లకు సమానం మాత్రం వచ్చే ఏడు చూద్దామన్నారు.

"సగమే వచ్చింది మామా" అంది పిల్ల. ఆమె గొంతు బొంగురుపోయి ఉంది.

"ముందు భోంచెయ్యమ్మా" అన్నాడు.

అందరూ వరుసలో నిలబడ్డారు. ఆటలు మళ్లీ మొదలవుతాయి కదా అని అతను కుర్చీ లాక్కుని కూర్చోబోయాడు. సెక్రటరీ పక్కకు వచ్చి, ఎవరికీ వినపడకుండా, "నువ్వు కాదు" అన్నాడు. "వచ్చే ఏడు కూడా రానక్కర్లేదు. ఆడటానికైనా సరే, దీనికైనా సరే."

"సరే సార్."

ఆ సంగతి చెబితే పిల్లలు మళ్లీ ఆపేస్తారు. పొద్దుటినుంచి ఏమీ తినలేదు వాళ్లు. చెప్పలేదు. సంచీ తెచ్చుకున్నాడు. తలుపు దగ్గర గుమాస్తా, పోటీలో పాల్గొన్నందుకు ఏటా ఇచ్చే సర్టిఫికెట్ మీద అతని పేరు రాసి, సిరా ఇంకా తడిగా ఉండగానే చేతిలో పెట్టాడు.

బస్సుకు ఇంకా టైముంది. హాల్లో ఎవరూ లేరు. భోజనాలయ్యాక మూడో బల్ల మీద ఎడమచేతి పిల్ల ఆట. వెళుతూ వెళుతూ ఆ బల్ల అంచు మీద అరచెయ్యి వేసి నొక్కి చూశాడు. ఒక మూల కొంచెం దిగింది. పొద్దున్నే అనుమానం వచ్చింది గాని, తన ఓటమికి సాకు వెతుక్కున్నట్టుంటుందని పైకి అనలేదు. సంచీ కింద పెట్టి, బల్ల పట్టుకుని, ఎడమ మోకాలి మీద మెల్లగా నేలకు దిగాడు. మళ్లీ లేవడానికి చాలాసేపు పట్టింది. అరచెయ్యి వేసి ఇంకోసారి నొక్కాడు. బల్ల కదల్లేదు.

వాళ్లు చేతులు కడుక్కుని వచ్చేసరికి అతను లేడు. కుర్చీలో ఇంకెవరో కూర్చున్నారు. ఎడమచేతి పిల్ల బంతిని నాలుగుసార్లు బల్లకు తట్టి చూసుకుని సర్వీస్ చేసింది. బల్ల పొట్టి కాలి కింద, ఎనిమిది మడతలు పెట్టిన దళసరి కాగితం, ఒక అంచున సిరా కొద్దిగా అలుక్కుపోయి ఉంది.