ఐదింటికి లంగరెత్తే ఓడ

పొద్దున్న ఆరింటికి ఆవిడ లేచి, మంచం మీదే కూర్చుని, కింద పరిచిన రబ్బరు పట్టా మీద పాదాలు దులుపుకునేది. ఇసక రాలేది. ఒక్కోరోజు ఇసకకి బదులు నాచు, ఒక్కోరోజు ఎర్రమట్టి, ఒక్కోరోజు రెండు మూడు చేప పొలుసులు. అదంతా చీపురుతో పోగుచేసి, వెనక వరండాలో పూలకుండీల్లో పోసి, అప్పుడు స్టవ్ మీద టీ నీళ్ళు పెట్టేది. ముప్ఫై ఏళ్ళుగా ఇదే వరస.

నిద్రపోయాక ఆవిడ ఎక్కడెక్కడో తిరిగొస్తుందని వీధిలో అందరికీ తెలుసు. గవ్వలేమన్నా వస్తే తన చేపల తొట్టికి ఉంచమని ఎదురింటావిడ చెప్పి పెట్టుకుంది. రబ్బరు పట్టా డాక్టరు సలహా. "తడి పాదాలతో గచ్చు మీద జారతారమ్మా" అన్నాడాయన, బీపీ చూస్తూ. ఎటొచ్చీ మొగుడుగారికే విసుగు. ఎక్కడికి వెళ్ళొచ్చావని ఆయన ఒక్కనాడూ అడగలేదు. "దుప్పట్లో ఇసక గుచ్చుకుంటోంది, కాస్త అక్కడే దులుపుకుని రాకూడదూ" అనేవాడు.

ఆయన రైల్వే ఆఫీసులో ముప్ఫై నాలుగేళ్ళు టైమ్‌టేబుల్ రాసిన మనిషి. ఏ రైలు ఏ స్టేషన్లో ఎన్ని నిమిషాలు ఆగాలో ఆయన పెన్సిల్ తేల్చేది. తను మాత్రం ఆఫీసుకి నడిచి వెళ్ళి నడిచి వచ్చేవాడు. అందరూ టైమ్‌టేబుల్ గారనే పిలిచేవాళ్ళు. ఆవిడ ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని పాంట్లు కురచ చేసేది, జిప్పులు మార్చేది, లావైనవాళ్ళకి నడుము వదులు చేసి ఆ సంగతి బయట పొక్కనిచ్చేది కాదు.

పెళ్ళయిన కొత్తలో ఆవిడ సముద్రం చూద్దామని ఒకసారి అడిగింది. ఆ ఏడాది కొత్త టైమ్‌టేబుల్ వస్తోంది, వచ్చే ఏడు చూద్దామన్నాడు. వచ్చే ఏడు ఇంకో లైను వేశారు. ఇదిగో అదిగో అంటూ ఏడేళ్ళు గడిచాయి. ఏడో ఏట ఒక పొద్దున్న ఆవిడ పాదాలకి ఇసక కనిపించింది. మళ్ళీ ఆవిడ అడగలేదు.

రిటైరయ్యాక ఆయనే ఎత్తాడు ఆ మాట. ఎత్తితే ఊరికే ఎత్తుతాడా? పదిహేను రోజుల్లో పదమూడు రేవులు తిప్పే ఓడలు రెండు పట్టుకొచ్చాడు. రెండూ గొప్పవాళ్ళెక్కేవే. ఒకదాని పుస్తకానికి నీలం అట్ట, రెండోదానికి తెల్ల అట్ట. భోజనాల బల్ల మీద పెద్ద కాగితం పరిచి, గళ్ళు గీసి, మార్కులు వేయడం మొదలుపెట్టాడు. నీలం ఓడలో గదులు విశాలం, గదికో సహాయకుడు, ప్రతి రేవులో బస్సెక్కించి ఊరు చూపించి తెచ్చి దింపే ఏర్పాటు. కాకపోతే పెద్ద ఓడ. చాలా రేవుల్లో దూరంగా లంగరేసి, చిన్న పడవల్లో ఒడ్డుకి చేరుస్తారు. పొద్దున్న ఎనిమిదికి ఆగి సాయంత్రం ఐదింటికి లంగరెత్తేస్తారు. తెల్ల ఓడ చిన్నది, గదులు ఇరుకు. కానీ తిన్నగా ఊరి నడుమకే పోయి ఆగుతుంది. చివరి రేవుతో కలిపి మూడుచోట్ల రాత్రంతా అక్కడే ఉండి, మర్నాడు కదులుతుంది.

ఈ మార్కులు వేయడానికి ఆయనకి రెండేళ్ళు పట్టింది. బల్ల మీద కాగితం ఉన్నన్నాళ్ళూ ఇద్దరూ వంటింట్లో స్టూళ్ళ మీద కూర్చుని తిన్నారు.

"రెండూ మంచివే కద నాన్నా, అమ్మ ఏదంటే అది ఎక్కండి" అంది కూతురు ఒక ఆదివారం వచ్చి. ఆ అమ్మాయి పళ్ళ డాక్టరు, పక్క వీధిలోనే కాపురం.

"మీ అమ్మకేం తెలుసు?"

"అమ్మకి తెలియని రేవు ఆ లిస్టులో ఉందా?"

ఆయన రబ్బరు తీసుకుని ఏదో గడి చెరపడం మొదలుపెట్టాడు.

ఆవిడని అడగడం మాత్రం అడిగాడు. నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఎవరి పాంటుకో అంచు మడుస్తోంది. సూదులు తీసి, "తెల్లదాంట్లో వెళ్దామండీ. రాత్రి అక్కడే ఆగుతుందట కదా" అంది.

"రాత్రి ఆగితే నీకేం ఒరిగింది?"

"పొద్దున్న ఉండొచ్చు. ఆ ఊళ్ళు పొద్దున్నే బాగుంటాయి."

'ఆ ఊళ్ళు' అన్న తీరు ఆయనకి రుచించలేదు. వీధి చివర కొట్టు గురించి చెప్పినట్టు చెప్పింది. ఆ సాయంత్రం కూడితే తెల్ల ఓడకి అరవై ఒకటి వచ్చాయి, నీలానికి యాభై ఎనిమిది. ఆయన కాసేపు ఆలోచించి, కింద 'క్రమశిక్షణ' అని ఇంకో గడి గీసి, నీలానికి నాలుగు వేశాడు, తెల్లదానికి సున్న. మర్నాడే టికెట్లు కొనేశాడు.

ఓడలో మొదటి పొద్దున్న ఆవిడ పాదాలు తెల్లగా, పొడిగా ఉన్నాయి. ఆయన దుప్పటి దులిపి చూసి సంబరపడిపోయాడు.

"చూశావా? ఒక్క రేణువు లేదు."

"దారి దొరకలేదండీ" అంది ఆవిడ, బాల్కనీలో నీళ్ళకేసి చూస్తూ. "బయల్దేరడానికి పడుకున్న చోటు కుదురుగా ఉండాలి. ఇది కదుల్తూనే ఉందాయె."

మొదటి రేవు కొండ మీదికి మెట్లు మెట్లుగా కట్టిన ఊరు. చేతిలో జెండా పట్టుకున్న గైడు ముందు నడుస్తుంటే నలభైమంది వెనక నడుస్తున్నారు. మూడో మలుపులో ఆవిడ గుంపు వదిలేసి పక్క సందులోకి తిరిగింది. అడుగు తడబడలేదు, దారి వెతకలేదు. ఆయన ఆయాసపడుతూ వెంటపడ్డాడు. సందు చివర టీ కొట్టు. కొట్టు నడిపే లావుపాటి మనిషి ఆవిడని చూసి కెటిల్ దించేసింది.

"వచ్చావా అక్కా! నాలుగు రోజులాయె కనబడక, ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాం."

"ప్రయాణంలో ఉన్నానే."

ఆయన తలెత్తి చూశాడు. కొట్టు ముందు ఎండకి కట్టిన గుడ్డపందిరికి పొడుగునా కుట్టు. కుట్టు ఆగిన చోట ఇంటూ గుర్తులా చిన్న ముడి. ఆయన చొక్కాల బొత్తాలన్నిటి కిందా ఉండేది అదే ముడి.

"ఇది నువ్వు కుట్టావా?"

"పోయిన వానల్లో. చిరిగిపోతే పాపం తడిసిపోతోంది" అని, ఆవిడ గ్లాసందుకుంది. బస్సుకి వేళవుతోందని ఆయన రెండుసార్లు గడియారం చూపించాడు.

ఆ తర్వాత ఏ రేవులో దిగినా అంతే. ఒకచోట పడవ మీద గుడ్డ, ఒకచోట మంగలిషాపు తెర, ఒకచోట బడి గంట కొట్టే ముసలాయన కోటు జేబు. గైడు ఏ కోట చూపించినా ఆయన కళ్ళు కుట్టు కోసమే వెతికేవి. ఆవిడని జనం పేరు పేరునా పలకరిస్తుంటే ఆయన పక్కన సంచీ పట్టుకుని నిలబడేవాడు. నాలుగో రేవులో మంగలి ఆయన్ని ఎగాదిగా చూసి అడిగాడు.

"ఈయనెవరమ్మా?"

"నాతో ఓడలో వచ్చారు" అంది ఆవిడ, తెర అంచు సరిచేస్తూ.

పడవలో తిరిగొస్తున్నంతసేపూ ఆయన మొహం మాడ్చుకున్నాడు. గదిలోకి అడుగు పెట్టగానే, "మొగుణ్ణని చెప్పడానికి నోరు రాలేదా?" అన్నాడు.

ఆవిడ చెప్పులు విప్పుతూ నెమ్మదిగా చెప్పింది. "మొగుడంటే, ఇన్నేళ్ళూ ఒక్కసారైనా ఎందుకు రాలేదని అడుగుతారండీ. ఏం చెప్పమంటారు?"

 సహాయకుడు పళ్ళు కోసి తెచ్చి పెడితే ఆ పళ్ళు బాగాలేవని ఆయన వాడి మీద ఎగిరాడు.

పదకొండో రేవు చిన్న ఊరు. ఒడ్డున తాటాకు కప్పు కింద తెరచాపలు కుట్టే తాత ఉన్నాడు. ఆరు నెలలుగా ఒకే చాప మీద ఇద్దరూ పని చేస్తున్నారట. తాత చూపు బొత్తిగా పోయింది. చాప పెద్ద రెక్కలా నేల మీద పరిచి ఉంది, ఇంకా రెండు బారల కుట్టు మిగిలింది.

"మధ్యలో వదిలేశావేంటమ్మా" అన్నాడు తాత, ఆవిడ గొంతు వినగానే. "ఎల్లుండి మా వాడు పడవ దించాలి."

ఆవిడ చాప అంచు వేళ్ళతో తడిమి చూసి, మొగుణ్ణి పక్కకి పిలిచింది.

"ఏవండీ, ఈ రాత్రికి మనం ఇక్కడ ఉండిపోదామా? తెల్లవారి మొదలుపెడితే తొమ్మిదికల్లా అయిపోతుంది. రేపు ఓడ ఎటూ పక్క రేవులోనే ఆగుతుంది కదా. ఇక్కణ్ణుంచి అక్కడికి రైలేమన్నా ఉందా?"

ఉంది. పొద్దున్న బస్సు రైల్వే స్టేషన్ పక్కనుంచి వస్తుంటే అలవాటు కొద్దీ ఆయన గోడ మీద బోర్డు చదివాడు. తొమ్మిదీ నలభైకి ఇక్కడ బయల్దేరుతుంది, రెండూ ఐదుకి అక్కడ దిగొచ్చు. ఓడ కదలడానికి ఇంకా మూడు గంటలు చేతిలో ఉంటుంది. ముప్ఫై నాలుగేళ్ళలో ఒక్క నిమిషం తప్పు రాయని మనిషి ఆవిడ కళ్ళలోకి చూడకుండా చెప్పాడు.

"లేదు."

"ఒక్కటీ లేదా?"

"లేదంటున్నానుగా. నాలుగున్నరకి ఆఖరి పడవ. పద."

ఆవిడ తల ఊపింది. "మీరు నడుస్తూ ఉండండి, తాతకి చెప్పి వస్తాను" అంది.

ఆయన పడవ ఎక్కి, పక్క సీటు మీద సంచీ పెట్టి, చోటు ఆపాడు. నాలుగున్నరకి పడవవాడు తాడు విప్పాడు. "ఆగవయ్యా, మా ఆవిడ వస్తోంది" అన్నాడాయన. పడవవాడు రెండు నిమిషాలు ఆగాడు. ఒడ్డు మీద ఎవరూ రావడం లేదు. దూరంగా తాటాకు కప్పు కింద ఆవిడ తల వంచుకుని కూర్చుని ఉంది, చెయ్యి పైకీ కిందికీ కదులుతోంది. ఆయన పిలవలేదు. నలభైమంది చూస్తుండగా పెళ్ళాన్ని కేకేయడం నామోషీ అనిపించింది. వస్తుందిలే అనుకున్నాడు. పడవ కదిలింది.

ఐదుకి పది నిమిషాలుందనగా ఓడ అధికారి గది తలుపు కొట్టాడు. ఎవరైనా ఒడ్డున ఉండిపోతే వాళ్ళ పాస్‌పోర్టు రేవు ఆఫీసులో ఇచ్చి వెళ్ళాలట, అదీ నియమం. ఇద్దరి పాస్‌పోర్టులూ ఆయన చొక్కా జేబులోనే ఉన్నాయి. ఎప్పుడూ ఆయన దగ్గరే ఉండేవి.

"మీరూ దిగుతారా సార్? ఇంకో పడవ వెళ్తోంది. సామాను మేం సర్దిస్తాం."

ఆయన గడియారం చూసుకున్నాడు. మంచం మీద ఆవిడ మడిచిపెట్టిన దుప్పటి చూశాడు. జేబులోంచి ఒక పాస్‌పోర్టు తీసి, ఫొటో ఆవిడదేనా అని సరిచూసుకుని, ఇచ్చాడు.

"మేడమ్‌కి ఏమైనా చెప్పమంటారా?"

రైలుందని ఒక్క ముక్క రాసిస్తే సరిపోతుంది. రాస్తే, ఇందాక లేదన్నది అబద్ధమని ఆవిడకి తెలిసిపోతుంది. అధికారి పెన్ను కూడా తీసి పట్టుకున్నాడు.

"ఏం లేదు" అన్నాడాయన.

మర్నాడు పన్నెండో రేవులో బస్సెక్కకుండా స్టేషన్‌కి నడిచాడు. రెండూ ఐదుకి రైలు వచ్చింది, నిమిషం తేడా లేదు. చేపల బుట్టలవాళ్ళు దిగారు, బడిపిల్లలు దిగారు, కుక్కపిల్లని చంకలో పెట్టుకుని ఒక ముసలావిడ దిగింది. అందరూ దిగి, పెట్టెలు ఖాళీ అయి, గార్డు జెండా ఊపేదాకా ఆయన ప్లాట్‌ఫారం మీద అటూ ఇటూ తిరిగాడు. లేదని ఆయనే చెప్పిన రైల్లో ఆవిడ ఎలా వస్తుంది? ఆ సంగతి తెలిసీ ఆఖరి పెట్టె కిటికీలు మళ్ళీ ఒకసారి చూశాడు. ఓడలో ఎవరడిగినా ఒంట్లో బాగాలేక పడుకుందని చెప్పాడు. సహాయకుడు రెండో కంచం తీసేయబోతే ఉండనిమ్మన్నాడు.

పదమూడో రేవు ఆఖరిది. అక్కణ్ణుంచి ఇక ఇంటికే. రేవు బజారులో ఆయన ఒంటరిగా కుట్లు వెతుక్కుంటూ నడిచాడు. పాత గొడుగులు బాగుచేసే కొట్టు ముందు కట్టిన మందపాటి తెర దగ్గర ఆగిపోయాడు. తెర సగందాకా కుట్టి ఉంది. దారం ఇంకా కొత్తది, మురికి పట్టలేదు. సూది గుడ్డలోనే గుచ్చి వదిలేసి ఉంది.

"ఇది కుట్టినావిడ ఎక్కడ?"

"తెల్లారగట్ల వచ్చి వెళ్ళారండీ" అన్నాడు కొట్టతను, గొడుగు చువ్వ వంచుతూ. "రెండు వారాల పైనుంచి రావట్లేదు, ఇవాళే మళ్ళీ మొదలుపెట్టారు. మనిషి బాగా కళగా ఉన్నారు. పడుకోవడానికి ఎవరో తాతగారి ఇల్లు కుదిరిందట. రేపు వచ్చి ఆ మిగిలింది పూర్తిచేస్తానన్నారు. కూర్చోండి." మడతకుర్చీ తెచ్చి వేసి, పైగుడ్డతో తుడిచాడు.

ఆయన కూర్చున్నాడు. తెర మీద కుట్టు గాలికి కదులుతుంటే చాలాసేపు చూశాడు. చెయ్యి చాపి సూదిని ముట్టుకోబోయి, మానుకున్నాడు.

"ఐదింటికి ఓడ" అన్నాడు చివరికి.

"అయ్యో, అలాగా. వస్తే ఏమని చెప్పమంటారు?"

ఆయన రెండుసార్లు దగ్గాడు.

"రైలుందని చెప్పండి. తొమ్మిదీ నలభైకి. రోజూ ఉంటుంది. నేను చూశాను."

కొట్టతను అర్థం కానట్టు ఆయన మొహంలోకి చూశాడు.

"ఆవిడకి రైలెందుకండీ" అన్నాడు, ఆయన లేవగానే కుర్చీ మడిచి లోపల పెడుతూ.

ఆఖరి పడవ నాలుగున్నరకి. ఆయన నాలుగింటికే రేవులో ఉన్నాడు.