చెల్లికి అందని చోటు

పొద్దున్నే ఏడు సూదులు లెక్కపెట్టుకున్నాకే బతూల్ పనికి కూర్చుంటుంది. సాయంత్రం మళ్ళీ ఏడూ లెక్కకొస్తేనే లేస్తుంది. మధ్యలో నాలుగైదుసార్లు లెక్కపెట్టుకోవడం వేరే సంగతి. మొరాకోలోని సెఫ్రూ పాతపేటలో ఇంటింటా ఆడవాళ్ళు జెల్లాబా, కఫ్తాన్ లాంటి పొడుగాటి అంగీలకు పట్టుదారంతో గుండీలు అల్లుతారు. సూదులు అందరిళ్ళల్లోనూ ఉంటాయి, పిల్లలూ అందరిళ్ళల్లోనూ ఉంటారు. కానీ తన రెండేళ్ళ నుహైలా మాత్రం సూది మింగడానికే పుట్టిందని బతూల్‌కు గట్టి నమ్మకం. అందుకే నాలుగున్నరేళ్ళ కొడుకు అయ్యూబ్‌కు, చెల్లి పాకడం మొదలుపెట్టిన దగ్గర్నుంచీ రోజూ ఒకటే పాఠం: "సూది కనబడితే ఏం చెయ్యాలి?" "చెల్లికి అందని చోట పెట్టాలి." "ఇంకోసారి చెప్పు." "చెల్లికి అందని చోట పెట్టాలి."

ఆ మంగళవారం వాన పట్టుకుంది. పిల్లలబడిలో ఎవరికో తట్టు పోసిందని విని, బడి తెరిచే ఉన్నా ఇద్దరినీ ఇంట్లోనే ఆపేసింది. ఆపేసిన గంటకే ఎందుకు ఆపానా అనుకుంది. వీధి చివరింటి ఘీతా కఫ్తాన్‌కు ముప్పైరెండు గుండీలు కావాలి. ఇరవై అయ్యాయి. మధ్యాహ్నం నమాజు పిలుపు వినబడేసరికి మిగతా పన్నెండూ ఇస్తానని మాటిచ్చింది. రేపే ఘీతా తమ్ముడి పెళ్ళి.

"అమ్మా, ఏం ఆడుకోను?" అన్నాడు అయ్యూబ్.

"గిన్నెలో నీళ్ళు పోసిస్తా. ఈ గ్లాసులోంచి ఆ గ్లాసులోకి వంపుతూ ఉండండి."

రెండు నిమిషాలు వంపారు. నుహైలా చొక్కా మోచేతి దాకా తడిసింది. తడిస్తే జలుబు, జలుబు చేస్తే దగ్గు, దగ్గు ముదిరితే ఛాతీ. బతూల్ గిన్నె లాగేసుకుంది.

"బట్టల క్లిప్పులు తీసుకుని ఈ డబ్బా అంచుకు పెట్టండి, వరసగా."

అయ్యూబ్ వాటిని చెల్లి చెవికి పెట్టాడు. బతూల్ క్లిప్పులూ లాగేసుకుంది.

"అట్టపెట్టెలో కూర్చోండి. అది మీ పడవ."

పెట్టెలో మేకు ఉందేమోనని అనుమానం వచ్చింది. వెతికింది. మేకు దొరకలేదు గానీ, దొరకనిదే మరీ ప్రమాదమనిపించి పెట్టెను అటక మీదికి ఎక్కించేసింది.

కుంపటి పక్కన జపమాల తిప్పుకుంటూ కూర్చున్న అత్తగారు లల్లా ఖదూజ్ చూసి చూసి నోరు తెరిచింది. "అమ్మాయ్, నేను ఏడుగురిని పెంచాను. ఒక చెక్క గరిటె చేతికిచ్చి వదిలేసేదాన్ని. ఏడుగురూ బతికే ఉన్నారు."

"వాళ్ళ అదృష్టం లల్లా."

"అదృష్టం కాదు, నేను వాళ్ళకేసి చూసేదాన్ని కాదు. నువ్వు చూస్తావు, అదే వచ్చిన తంటా."

బతూల్ శనగలూ బీన్సు గింజలూ కలిపి పళ్ళెంలో పోసింది. "తెల్లవి ఇటు, చిన్నవి అటు. ఏరండి." ఇదొక్కటి పనిచేసింది. నిజంగానే పనిచేసింది. మూడు గుండీలు అల్లుకుంది. నాలుగోది మొదలుపెడుతుండగా అయ్యూబ్ తాపీగా అన్నాడు: "అమ్మా, చెల్లి ముక్కులో శనగగింజ."

బతూల్ ఒళ్ళో ఉన్నదంతా చెల్లాచెదురు చేసుకుంటూ లేచింది. పిల్ల తల వెనక్కి వంచి, ముక్కు నొక్కి, తుమ్మించి, మూడు ప్రార్థనలు చదివి గింజను బయటికి రప్పించింది. ఏమైందో తెలియని నుహైలా చప్పట్లు కొట్టింది. బతూల్ దారాలూ సూదులూ గబగబా ఏరి దిండుకు గుచ్చి, దిండును గూట్లో పెట్టేసింది. జన్మలో మొదటిసారి లెక్కపెట్టడం మరిచింది.

ఎలాగూ రొట్టెకు పిండి కలిపే వేళయింది. పక్కనే ఇంకో పళ్ళెంలో పిల్లలకు ఆటపిండి కూడా కలిపేద్దామనుకుంది. పిండి, నీళ్ళు, కాస్త నూనె, రంగుకు పసుపు. ఇక ఉప్పు. నోట్లో పెట్టుకుంటారేమోనని గుప్పెడు వేసింది. గుప్పెడు చాలదేమోనని ఇంకో గుప్పెడు. నాలుక తగలగానే ఉమ్మెయ్యాలి, అంత ఉప్పుండాలి. డబ్బా బోర్లించి అడుగు తట్టింది.

"పిండి కలుపుతున్నావా, నిమ్మకాయలు ఊరేస్తున్నావా?" అంది లల్లా ఖదూజ్.

"తినకుండా ఉండాలని లల్లా."

"తింటే ఏమవుతుంది, పిండేగా! నా పిల్లలు గోడకున్న సున్నం కూడా తిన్నారు."

ఒక చేత్తో నుహైలాను చంకనేసుకుని, రెండో చేత్తో అసలు పిండి పిసికి, గుడ్డ కప్పి, పొంగేదాకా ఓపిక పట్టింది. పిల్లలు ఆటపిండితో కూర్చున్నారు. పాములు చేశారు, గాడిద చేశారు, గాడిదకు ఆరు కాళ్ళు పెట్టారు. బతూల్ అయిదు రొట్టెలు గుండ్రంగా చరిచి చెక్కపలక మీద పేర్చి, ఒక్కోదాని మీద రెండువేళ్ళ గుంట, దాని కింద ఫోర్కుతో అడ్డగీత పెట్టింది. అది వాళ్ళింటి గుర్తు. వీధి వీధంతా ఒకే బట్టీకి పంపే రొట్టెల్లో ఎవరివి ఎవరివో బట్టీ నడిపే సి బూషతా ఆ గుర్తులతోనే పోల్చుకుంటాడు.

"నాకూ గుర్తు నేర్పమ్మా."

"ఇదిగో, రెండు వేళ్ళు. ఊ. ఇప్పుడు గీత. శభాష్. అలాంటివి నూరు చెయ్యి, నన్ను కదిలించకు."

కాసేపటికి పొరుగింటి ఇత్తో పిన్ని తన పలక నెత్తిన పెట్టుకుని గుమ్మంలో అరిచింది. "బట్టీకి పోతున్నా, నీది కూడా ఇటియ్యి! వాన పెద్దదయ్యేలోపు పోవాలి." గుడ్డ కప్పిన పలకను బతూల్ అందించింది. ఇత్తో రెండు పలకలూ ఒకదాని మీద ఒకటి పెట్టుకుని వెళ్ళిపోయింది.

బతూల్ గుండీల ముందు కూర్చుని దిండు తీసింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు.

మళ్ళీ లెక్కపెట్టింది. ఆరు.

చాప దులిపింది, దిండు పిండింది, తన జడ విప్పి వెతికింది. తర్వాత నుహైలాను ఒడిసిపట్టి నోరు తెరిపించి చూసింది. నాలుక కింద, బుగ్గ లోపల, గొంతులోకి. పిల్ల ఇల్లెగిరిపోయేలా ఏడ్చింది.

"యా రబ్బీ, మింగేసింది! లల్లా, మింగేసింది!"

"మింగితే అంత గట్టిగా అరుస్తుందా? గొంతు శుభ్రంగా ఉందిలే."

"అమ్మా," అన్నాడు అయ్యూబ్, గాడిదకు ఏడో కాలు పెడుతూ. "సూది కోసమా? నేనే దాచాను."

బతూల్ వాడి భుజాలు పట్టుకుంది. "ఎక్కడ నాన్నా? ఎక్కడ దాచావు?"

"చెల్లికి అందని చోట."

"అంటే ఎక్కడ?"

"రొట్టెలో. నేను చేసిన రొట్టెలో. లోపల పెట్టి మూసేశా. మన గుర్తు కూడా వేశా. పలక మీద పెట్టేశాగా. పలక చెల్లికి అందదు." వాడి ముఖంలో మెప్పు కోసం ఎదురుచూపు.

కొట్టడానికి చెయ్యి లేవలేదు. తను చెప్పిందే చేశాడు మరి. ఒక పిల్లను చంకన, ఒకడిని చేత పట్టుకుని, చెప్పులు ఎడమది కుడికీ కుడిది ఎడమకీ వేసుకుని, వానలో పరుగెత్తింది.

బట్టీ ముందు సి బూషతా గోతిలో నిలబడి పొడుగాటి తెడ్డుతో రొట్టెలు తిప్పుతున్నాడు.

"సి బూషతా! నా రొట్టెలు!"

"ఇప్పుడే పెట్టాను తల్లీ. వేడికైనా కాస్త టైమివ్వాలిగా."

"చిన్నదొకటి ఉందా? పచ్చగా, నా గుర్తుతో?"

"ఓ, అదా! గుడ్డు సొన రాశావు గాబోలు, ముద్దుగా ఉంది. పలచనిది కదా, ముందే కాలిపోయింది."

"ఏదీ? ఎక్కడ?"

"ఇచ్చేశాను. ఘీతా కూతురు షామా నాయనమ్మ వెంట వచ్చింది. నా బట్టీ దగ్గరికొచ్చిన పసివాళ్ళను వట్టిచేతులతో పంపుతానా? ఎవరి పలక మీద చిన్న రొట్టె ఉన్నా అది పసివాళ్ళదే. మా నాన్ననాటి నుంచీ ఇదే పద్ధతి. నీ అయ్యూబ్ ఎన్ని తిన్లేదు!"

"అందులో సూది ఉంది."

తెడ్డు ఆగిపోయింది. "ఏముంది?"

బతూల్ అప్పటికే వీధి మలుపులో ఉంది. ఘీతా ఇల్లు నాలుగు గుమ్మాల అవతల. ఆ నాలుగు గుమ్మాల దూరంలోనే ఆమె మనసులో షామాను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది, డాక్టరు తల అడ్డంగా ఊపాడు, రేపటి పెళ్ళిమేళం ఆగిపోయింది, పేటంతా తన గుమ్మం ముందు నిలబడి 'సూదులామె' అంటోంది. లోపల్నుంచి పిల్ల ఏడుపు వినబడింది.

తలుపు తీసే ఉంది. మూడేళ్ళ షామా నట్టింట్లో నిలబడి నాలుక బయటికి పెట్టి, దాన్ని రెండు చేతులతో తుడుచుకుంటూ గుక్కపట్టి ఏడుస్తోంది. ఘీతా నీళ్ళగ్లాసు పట్టుకుని పక్కన కూర్చుంది.

"వచ్చావా! ఏం రొట్టె ఇది? విషం పెట్టినా ఇంతకన్నా తియ్యగా ఉంటుంది!"

"మింగిందా? ఎంత తింది? నోరు తెరువు తల్లీ, నోరు తెరువు."

"మింగడమా? ఒక్కసారి నాకింది. నాకి, గోడకేసి కొట్టింది. కోడి కూడా ఓసారి పొడిచి మొహం తిప్పుకుంది."

"నాకింది అంతేనా? కొరకలేదుగా?"

"ఆ రాయిని ఎవరు కొరుకుతారమ్మా? పళ్ళు రాలి పడతాయి!"

పసుపురొట్టె గోడవార బోర్లా పడి ఉంది. ఎక్కడా పంటిగాటు లేదు. బతూల్ చేత్తో విరవబోయింది, విరగలేదు. గుమ్మానికేసి కొట్టింది, గుమ్మం పెచ్చు లేచింది.

"నీకేమైనా మతి పోయిందా బతూల్?"

"ఇత్తడి రోకలి ఉందా? మసాలాలు దంచేది?"

రెండు దెబ్బలకు రొట్టె పగిలింది. మధ్యలోంచి నల్లగా కమిలిన సూది టింగుమని నేల మీద పడింది.

షామా ఏడుపు ఆపి చూసింది. ఘీతా సూదిని చూసింది, కూతురిని చూసింది, పక్కనే ఉన్న పీట మీద మెల్లగా కూర్చుండిపోయింది. నీళ్ళు పిల్లకివ్వడం మరిచిపోయి తనే తాగేసింది.

"నేను ఉప్పు ఎక్కువేశాను," అంది బతూల్. "భయపడి ఎక్కువేశాను. నోట్లో పెట్టుకుంటారేమోనని."

"ఎంతేశావు?"

"డబ్బా."

"అయిదేళ్ళుగా నీ పిరికితనానికి నవ్వుతున్నాను," అంది ఘీతా. "ఇకమీదట ఒక నెల నవ్వనులే." ఆ తర్వాత గొంతు మారింది. "నా గుండీలు?"

"ఇరవైమూడు."

"తొమ్మిదింటి కోసం ఎదురుచూస్తున్నా. ఆ నల్లసూదితో మాత్రం అల్లకు. పో."

దారిలో ఇత్తో పిన్ని ఎదురొచ్చింది, కాలిన అయిదు రొట్టెల పలకతో. "పేటంతా తిరిగాను నీకోసం! సి బూషతా ఏం చెప్పాడో తెలుసా? ఇకమీదట నీ పలక మీదివి బట్టీలో పెట్టే ముందే కోసి చూస్తాడట!"

"కోసి చూడమను. నేనూ చూస్తాను," అంది బతూల్. అన్నంత పనీ చేసింది. ఇల్లు చేరాక అయిదు రొట్టెలనూ ముక్కలు ముక్కలుగా విరిచి, ప్రతి ముక్కనూ వేళ్ళతో నలిపి చూసింది. సూది దొరికింది ఒకటే కదా, ఇంకొకటి ఉండే వీలే లేదు కదా అని తనకు తెలుసు. అయినా చూసింది. నల్లసూదిని దిండుకు గుచ్చి, ఏడూ లెక్కపెట్టుకుంది. రెండుసార్లు.

"మరి ఇప్పుడైనా తినొచ్చా?" అంది లల్లా ఖదూజ్. చారులో ముంచి ఒక ముక్క నోట్లో పెట్టుకుంది. నమిలింది. ఆగింది. ఇంకోసారి నమిలింది.

బతూల్ ఆమె నోటి కింద చెయ్యి పట్టింది. "ఏంటి లల్లా? ఏం తగిలింది? ఉమ్మెయ్, ఉమ్మెయ్!"

"ఏమీ తగల్లేదు. అదే చెప్తున్నా." ముసలామె ముక్కను పళ్ళెంలోకి జారవిడిచింది. "ఉప్పే లేదమ్మాయ్ ఇందులో. ఉన్న ఉప్పంతా గాడిదకు పోశావు."

బతూల్ గూట్లోని ఖాళీ డబ్బావైపు చూసింది. గడప అవతల వాన ఇంకా కురుస్తూనే ఉంది. తొమ్మిది గుండీలు, ఉప్పులేని అయిదు రొట్టెలు, ఏడుకాళ్ళ గాడిద. నవ్వాలో ఏడవాలో తేలక రెండూ మానేసి సూదిలో దారం ఎక్కించింది.

"అమ్మా," అన్నాడు అయ్యూబ్, ఆమె మోకాలు పట్టుకుని. "నేను సరిగ్గానే దాచాను కదా? చెల్లికి అందలేదు కదా?"

"అందలేదు నాన్నా," అంది బతూల్ పళ్ళు బిగించి. "చెల్లికి మాత్రం అందలేదు. ఇప్పుడు వెళ్ళి, నాయనమ్మను ఆ చెక్క గరిటె అడుగు."