యాగప్ప ఇంటి అప్పాల అచ్చు

నేను ఒక ఇనుప అచ్చును. రెండు పొడవాటి కాడలు, వాటి చివర అరచేయంత పలకలు రెండు. నోరు తెరిచి మూసుకునే పట్టకారులా ఉంటాను. ఇప్పుడు నా మకాం చుట్టుపక్కల ఊళ్ల క్రైస్తవులందరికీ ఒకటైన విచారణ గుడి వెనక గదిలో, బీరువా కింది అరలో. పూజకు కావలసిన అప్పాలు పట్నం నుంచి బస్సులో పొట్లాలుగా వస్తున్నాయి. నాకు పని లేదు. అందుకే పాత సంగతులు తవ్వుకుంటూ కూర్చుంటాను.

నన్ను చేసింది వీరోజు అనే కమ్మరి. చేయించింది రోమాపురి సన్యాసి ఒకాయన. కాషాయం కట్టి, మాంసం మాని, మా సీమ మాటను నమిలి నమిలి పలికేవాడు. ఇసుకలో నా బొమ్మ గీసి, పలక మధ్యన సిలువ చెక్కమన్నాడు. వీరోజు చెక్కాడు. చెక్కి, చెయ్యి అలవాటున దాని కింద చిన్నగా ‘శ్రీ’ కూడా చుట్టేశాడు.

“ఇదేమి?” అన్నాడు సన్యాసి.

“శ్రీకారం లేకుండా నా కొలిమి నుంచి గడ్డపార గూడా బయటికి పోదు సామీ.”

సన్యాసి కాసేపు చూసి, నవ్వి, ఉండనిమ్మన్నాడు.

ఆయన నన్ను ఉపదేశి యాగప్పకు అప్పగించాడు. ఉపదేశి అంటే పూజ చేసే సన్యాసి గురువు ఊళ్లో లేనప్పుడు జపాలు చెప్పించే మనిషి, చావుకూ పుట్టుకకూ ముందు నిలబడే మనిషి. మిగతా వేళల్లో యాగప్పది అందరిలాగే మెట్ట సేద్యం. గురువు పూజకు వస్తున్నాడని కబురందితే తలస్నానం చేసి, నా పలకలకు మైనం రాసి, నిప్పుల మీద కాచి, నీళ్లలో జారుగా కలిపిన గోధుమపిండి పోసి నొక్కేవాడు. ఉప్పు లేదు, బెల్లం లేదు, నెయ్యి లేదు. “ఈ చప్పిడి అప్పానికి ఇంత మడా?” అని ఆయన భార్య ఆరోగ్యమ్మ ఎగతాళి చేసేది. చేస్తూనే, రాలిన పొడిని కాలి కింద పడకుండా కొంగుతో ఎత్తేది.

అంతలో మా పాళెం రెండుగా చీలింది. ముసలి నాయకుడు పోగానే కొడుకులిద్దరూ గద్దె నాదంటే నాదని కత్తులు దూశారు. ఒక తల్లి చేతి ముద్ద తిన్నవాళ్లు ఒకరి ఊళ్లు ఒకరు తగలబెట్టుకున్నారు. మా సిలువ గుడికి స్థలమిచ్చింది పెద్దవాడు గనుక, గుడికి పోయేవాళ్లంతా పెద్దవాడి మనుషులేనని చిన్నవాడు తేల్చేశాడు. మనుషుల తగువుల్లో దేవుడు కూడా ఏదో ఒక పక్షాన ఉండి తీరాలి మరి. గుడి కాలిపోయింది. గురువును జనం కొండ దాటించారు. సన్యాసి మతం విడిచానన్నవాడికి ప్రాణం, విడవనన్నవాడికి కత్తి అని దండోరా పడింది.

ఆరోగ్యమ్మ నన్ను జొన్నల గాదెలో పూడ్చింది. పాపం, ఆమెకు సిపాయిల సంగతి తెలియదు. దేవుణ్ణి వెతకడానికి వచ్చినా వాళ్ల చేతులు ముందు గాదెలోకే పోతాయి. జొన్నలతో పాటు నేనూ బయటపడ్డాను.

ఆ దండుకు జమేదారు ఓబులేసు. పక్క ఊరివాడే. చిన్నప్పుడు యాగప్ప భుజాలెక్కి జాతర చూసినవాడు. నన్ను తిప్పి చూశాడు. సిలువను చూశాడు, ‘శ్రీ’ని చూశాడు. అతని ముఖం కాస్త తేటపడింది.

“ఏం మామా, ఇది అప్పాలు పోసే అచ్చే కదా?” అన్నాడు, అందరికీ వినబడేలా.

మా వాళ్ల నోట ఆ మాట రెండింటికీ ఒకటే. పెళ్లింట నేతిలో వేగేదీ అప్పమే, పీఠం మీద గురువు ఎత్తి చూపేదీ అప్పమే. ఓబులేసుకు అది తెలుసు. తెలిసే ఆ మాట ఎంచుకున్నాడు.

యాగప్ప ఆరోగ్యమ్మ వైపు చూశాడు. “అప్పాల అచ్చే” అన్నాడు.

వాకిలి నిండా నిలబడ్డ జనం ఊపిరి వదిలారు. ఓబులేసు సిపాయిల వైపు తిరిగి నవ్వాడు. “ఇన్నారా? శ్రీకారం గూడా ఉంది. ఈ అడ్డగీతలు నాలుగు ముక్కలు తుంచుకునేదానికి. ఉత్త పిండివంట! పాండి, పాండి.” నన్ను మట్టిలోకి విసిరేశాడు.

జనం కదల్లేదు. వాళ్లలో ఒక ముసలమ్మ, ఆ అప్పం నాలుక మీద పడ్డాక పొద్దెక్కేదాకా పచ్చి మంచినీళ్లయినా ముట్టనిది, తల దించుకుంది. ఇది ఉత్త పిండివంటైతే, ఇన్నేళ్లూ ఆమె కళ్లు మూసుకుని అందుకున్నదీ ఉత్త పిండివంటే. యాగప్ప ఆమెను చూశాడు. వంగి నన్ను ఎత్తి, పంచె చెంగుతో మన్ను తుడిచాడు.

“ఓబులేసూ, నేను అబద్ధం చెప్పలేదు. నీకు అర్థమైంది మాత్రం అబద్ధం.”

“నోర్ముయ్ మామా! నిన్నెవరన్నా అడిగినారా?”

“ఇది పొట్టకు తినే అప్పం కాదురా. నా దేవుడు దిగొచ్చే అప్పం. ఆయనను పిండివంట అనిపించి నేను బతకలేను.”

“మొండి ముసలోడా! అత్త మొగమన్నా చూడు!”

“చూసినాను. అందుకే ముందు ఆ మాటన్నాను.”

ఆరోగ్యమ్మ ఏడవలేదు. వచ్చి ఆయన భుజం మీది కండువా సరిచేసింది.

యాగప్పను ఊరి బయట ఎండిన వంక ఇసుకలోకి తీసుకుపోయారు. నన్ను ఓబులేసు లాక్కుని చంకలో పెట్టుకున్నాడు. యాగప్ప మోకరిల్లి పరలోక జపం మొదలుపెట్టాడు. అందులో ‘మా అప్పం మాకు నేడివ్వు’ అని అడిగే మాట దాకా వచ్చాడో లేదో నాకు వినబడలేదు. ఓబులేసు ముఖం తిప్పుకుని, కత్తి దూసిన సిపాయికి సైగగా చెయ్యెత్తాడు.

నన్ను అతను ఇంటికి తీసుకుపోయి, పిండివంటల అచ్చని భార్యకిచ్చాడు. ఆమె బెల్లం, నెయ్యి వేసి పోసింది. పిల్లలు ఎగబడ్డారు. అతను ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. తినలేక, పారెయ్యలేక, చల్లారిపోయేదాకా అలాగే కూర్చున్నాడు. మళ్లీ నన్ను పొయ్యెక్కించనివ్వలేదు.

ఆ కోతలయ్యాక అన్నదమ్ములు రాజీపడ్డారు. ఒకే పంక్తిలో కూర్చుని విందు భోంచేశారట. గురువు కొండ దిగి వస్తున్నాడని కబురొచ్చింది. ఒక మిట్టమధ్యాహ్నం ఆరోగ్యమ్మ ఓబులేసు వాకిట్లో నిలబడింది.

“మా అచ్చు నీ దగ్గర ఉందంట. తీసుకపోదామని వచ్చినా.”

ఓబులేసు లోపలికి పోయి నన్ను తెచ్చాడు. నా పలకలకు మైనం రాసి ఉంది. ఎప్పుడు రాశాడో అతని భార్యకు కూడా తెలియదు. తలెత్తకుండా చాచాడు.

“తీసుకపో అత్తా. ఏ అప్పాలకని నేనడగను.”

ఆమె నన్ను అందుకోలేదు.

“అడుగు నాయనా” అంది. “చెప్తాను.”