వదిన గిటారు వినబడిన రోజు

కళ్లద్దాల దుకాణంలో పనిచేసే ఆమెను బ్యాండులో అందరూ వదిన అనే పిలుస్తారు. పాటలు పాడేది ఆమె ఆడపడుచు కావడంతో ఆ పిలుపు మిగతావాళ్లకీ అంటుకుంది. వదిన గిటారు వాయిస్తుంది. పడగ్గదిలో మంచం అంచున కూర్చుని మొదలుపెడితే ఇంటిల్లిపాదీ పనులాపి వింటారు. స్టేజీ ఎక్కితే మాత్రం ఆ గిటారు ఎటు పోతుందో ఎవరికీ తెలియదు.

పోయిన ప్రదర్శన అయ్యాక ఒక పెద్దాయన వచ్చి ఆడపడుచును మెచ్చుకున్నాడు. డ్రమ్ములు వాయించే, అందరూ పిడుగని పిలిచే కుర్రాడి భుజం తట్టాడు. తర్వాత వదినవైపు తిరిగి, "నువ్వేం చేస్తుంటావమ్మా?" అన్నాడు. అప్పటిదాకా ఆమె ఆయన ఎదుటే వాయించింది.

వదిన నవ్వేసింది గానీ మనసు చివుక్కుమంది. ఇంటికొచ్చి ఫోనులో ఆ రికార్డింగు విన్నది. నిజమే, పాటలో తను లేదు. తప్పు వేళ్లది కాదు, పికప్‌ది. తీగల కింద కూర్చుని వాటి అదురును ఆంప్లిఫయరుకు అందించేది అదే. దాని గొంతు బరువు, మెత్తన. గదిలో ఒంటరిగా హాయిగా ఉంటుంది. పక్కన బేస్ గిటారూ డ్రమ్ములూ మోగాయంటే వాటిలో కలిసిపోతుంది.

ఆదివారం దాన్ని ఊడదీసి, పదునుగా పలికే వేరే పికప్ బిగించింది. టంకం ఆరగానే వాయించి చూసింది.

"రేకుల మీద వడగళ్లు పడ్డట్టుంది," అన్నాడు భర్త.

"నీకు దణ్ణం పెడతా వదినా, పాతదే పెట్టెయ్," అంది ఆడపడుచు.

వదినకూ చెవులు గింగురుమన్నాయి. స్క్రూడ్రైవరు మళ్లీ చేతిలోకి తీసుకుంది. కాసేపు దాన్నే తిప్పుతూ కూర్చుంది.

"ఇక్కడ నేనొక్కదాన్నే వాయిస్తున్నా కదా. అక్కడ బ్యాండంతా ఉంటుంది. శనివారం ప్రదర్శన దాకా ఓపిక పట్టండి. బాగోకపోతే నేనే పీకేస్తా."

శనివారం హాలు కిటకిటలాడింది. మొదటి పాటకు పిడుగు దరువెత్తుకున్నాడు. వదిన తీగ మీటింది. ఇంట్లో కీచుమన్న శబ్దమే అది. కానీ ఇక్కడ కింద బేస్ పరుచుకుని ఉంది, డ్రమ్ములు చుట్టూ ఉరుముతున్నాయి. వాటన్నిటి మధ్య నుంచి గిటారు తేటగా, నిటారుగా లేచి చివరి వరస దాకా వెళ్లింది. గోడకానుకుని నిలబడ్డ భర్త ఒక్కసారిగా తలెత్తాడు.

ఆడపడుచు వెనక్కి తిరిగి చూసింది. చూస్తూ చూస్తూ చరణం ఎత్తుకోవడం మరిచిపోయింది. పాటలో పెద్ద ఖాళీ పడింది. వదిన తడుముకోలేదు. చరణం బాణీని తనే తీగల మీద పలికించింది. హాలు ఈలలతో దద్దరిల్లింది.

ఆడపడుచు తేరుకుని మైకు దగ్గరికి రాబోయి, ఆగి, పక్కకు తప్పుకుంది.

"నువ్వే కానివ్వు వదినా," అంది.

వదిన స్టేజీ అంచుదాకా నడిచి, నవ్వుతూ, గిటారు మీద మళ్లీ పల్లవి అందుకుంది.