పుల్లిగాడి వారసులు

ముప్పై నాలుగేళ్లు ఊళ్లవాళ్ల పొలాల్లో గొలుసు లాగినవాణ్ణి నేను. సర్వే శాఖలో చైన్‌మన్‌గా చేరి డిప్యూటీ సర్వేయరుగా రిటైరయ్యాను. ఎవరి గట్టు ఎవరి చేలోకి ఎంత జరిగిందో నిలబడ్డచోటు నుంచే చెప్పేవాణ్ణి. మా సొంత చేని కాగితం మాత్రం ఒక్కసారీ తిరగెయ్యలేదు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా అదే నిజం.

నిరుడు జూన్‌లో మా వదిన జీవమ్మ ఫోన్ చేసేదాకా ఆ ఆలోచనే రాలేదు. నేను కర్నూలు పక్కన కల్లూరులో ఇల్లు కట్టుకున్నాను. వదిన మా ఊరు తుమ్మలకుంటలోనే ఉంటుంది. కోయిలకుంట్ల నుంచి ఆటోలో అరగంట. మా అన్న పోయి పద్దెనిమిదేళ్లయింది. రెండెకరాల నలభై సెంట్ల నల్లరేగడిలో శనగ వేసుకుంటూ, తండ్రి లేని మనవరాలు, కొడుకు కూతురు రెజీనాను ఆ చేనితోనే చదివించింది. నా భాగం నాకొద్దని అన్న ఉండగానే చెప్పేశాను.

"దావీదూ, మన చేనికాడ నోటీసు అతికించినారప్పా," అంది వదిన. "ఆడ సర్కారోళ్లు గోదాము కడతారంట. మీదైతే కాగితాలు తెచ్చి చూపియ్యండి అంటాండారు. ఈ పని నీకు తప్ప ఎవరికి చేతనైతాది?"

ఆ పొగడ్తకు పొంగిపోయి మర్నాడే మండలాఫీసుకు పోయాను. పాత రిజిస్టరులో సర్వే నంబరు 214 ఎదురుగా, పట్టాదారు పేరుండాల్సిన గడిలో పేరు లేదు. నాలుగు చుక్కలున్నాయి. 1909లో ఎవరో గుమాస్తా పెట్టినవి. ఇలాంటివాటిని చుక్కల భూములంటారు. ఎవరిదో తేలనప్పుడు పేరు బదులు చుక్కలు పెట్టేవారు. తేలనిది సర్కారుదే అన్నమాట. ఆ చుక్కల మీద మా తాత, మా నాన్న, మా అన్న సేద్యం చేసి పోయారు. ఇప్పుడు వదిన చేస్తోంది.

చుక్కలకు ముందు ఆ చేను ఎవరి పేరున ఉందో తెలిస్తే, ఆయన వారసులమని చూపించుకోవచ్చు. కర్నూలు రికార్డు రూముకు పదకొండు సార్లు తిరిగాను. బీరువా తాళం లేదని ఒకరోజు, తాళం ఉన్నాయన సెలవని ఇంకోరోజు. నేనూ ఒకప్పుడు జనాన్ని ఇలాగే తిప్పాను కాబట్టి గట్టిగా అరవలేకపోయాను. చివరికి 1892 నాటి మాన్యాల రిజిస్టరు దొరికింది. అంతా గొలుసుకట్టు రాత. ఒక అక్షరం తోక పట్టుకుని ఇంకో అక్షరం వేలాడుతుంటుంది. దాన్ని చదవగలిగేవాళ్లు ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. వాళ్లలో నేనొకణ్ణని నాకు గర్వం. అక్కడ ఇలా ఉంది: "మాల పుల్లిగాడు, గ్రామ వెట్టి. సేవకుగాను మాన్యం."

వెట్టి అంటే కూలి లేకుండా ఊరి చాకిరీ చేసేవాడు. అధికారులొస్తే మూటలు మొయ్యాలి, కబురు మోసుకుని పక్క ఊరికి పరిగెత్తాలి. అందుకు బదులుగా ఇచ్చిన చేను అది.

పుల్లిగాడు ఎవరో నాకు తెలియదు. మా ఇంట్లో వంశం దావీదుతో మొదలవుతుంది. ఆయన మా ముత్తాత. ఆయన పేరే నాకు పెట్టి, వెనక రాజు అని తగిలించారు. ఆయన కొడుకు, అంటే మా తాత, మిషన్‌లో ఉపదేశి. పాస్టరు అయ్యగారు లేని ఊళ్లలో ప్రార్థన నడిపేవాడు. ఇంటి బైబిలు మొదటి పేజీలో మావాళ్ల పేర్లు వరుసగా రాయడం మొదలుపెట్టింది ఆయనే. అన్నిటికంటే పైన దావీదు. ఆ పక్కన ఏదో రాసి, తర్వాత గీకేసినట్టు కాగితం పల్చబడి ఉంటుంది. చిన్నప్పటి నుంచీ చూస్తున్నాం. అదేమిటని ఎవరమూ అడగలేదు.

జనాభా లెక్కల్లో పేరు దొరుకుతుందేమోనని ఆశపడ్డాను. రికార్డు రూము గుమాస్తా నవ్వాడు.

"సెన్సస్‌లో మనుషులు యాడుంటారు సార్? అంకెలుంటాయి అంతే."

ఇల్లిల్లూ తిరిగి రాసుకున్న కాగితాలు లెక్క తేలాక దాచరట. ఊరివారీ అంకెలు మాత్రం మిగిలాయి. తుమ్మలకుంటలో క్రైస్తవులు 1891లో సున్న, 1901లో ముప్పై ఒకరు. అంటే ఆ పదేళ్ల మధ్యలోనే మావాళ్లు మతంలో కలిశారు. వెతకాల్సింది ఆ పదేళ్ల చర్చి పుస్తకాలని తేలిపోయింది.

మా పాత మిషన్ చర్చి జయపాల్ అయ్యగారు మంచివాడు. చెద తినగా మిగిలిన బాప్తిస్మాల రిజిస్టర్లు నా ముందు పెట్టి, టీ కూడా తెప్పించాడు. రెండో రోజు మధ్యాహ్నం దొరికింది. 1896 ఆగస్టు. పాత పేరు పుల్లిగాడు. కొత్త పేరు దావీదు. ఊరు తుమ్మలకుంట. పని గ్రామ వెట్టి.

రెండు పేర్లూ ఒకే వరుసలో ఉన్న కాగితం ఈ భూమ్మీద అదొక్కటే. అయ్యగారితో ముద్ర వేసిన కాపీ రాయించుకుని చర్చి మెట్ల మీద కూర్చున్నాను. బైబిల్లో గీకేసిన పేరేమిటో అప్పుడు తెలిసింది. ఇంకోటి కూడా తెలిసింది. మా ఇంట్లో ప్రతి క్రిస్మస్‌కూ చెప్పుకునే కథ ఒకటుంది. తాత పాతికేళ్ల వయసులో ఉండగా, భూముల లెక్క రాయడానికొచ్చిన గుమాస్తా చావిడి దగ్గర నిలబడి, ఏదో పాత పేరు చెప్పి ఆయన వారసులెవరని మూడుసార్లు కేకేశాడట. తాత అక్కడే ఉండి పలకలేదట. "మేం దావీదు పిల్లలం. ఆ పేరుకు పలకం" అని ఇంటికొచ్చేశాడట. మా నాన్న ఈ కథ చెబుతూ ఛాతీ విరుచుకునేవాడు. పిల్లలం చప్పట్లు కొట్టేవాళ్లం.

ఆ మూడు కేకలకూ జవాబు రాకనే గుమాస్తా నాలుగు చుక్కలు పెట్టి పోయాడు. మేం చప్పట్లు కొట్టింది దానికి! తాత ఎదురుగా ఉంటే ఆ రోజు నా నోట ఏమొచ్చేదో చెప్పలేను.

ఆ ఊపులోనే వదిన తరఫున అర్జీ రాసేశాను. "మా ఇంటి మూలపురుషుడు దావీదు, ఆయన పూర్వనామం పుల్లిగాడు, ఇద్దరూ ఒకరే. ఆధారం విచారణ రోజున దాఖలు చేస్తాము." నా చేతిరాత చూసి నాకే ముచ్చటేసింది. వదిన చేత వేలిముద్ర వేయించి ఆఫీసులో ఇచ్చాను. ఆదివారం చర్చి కాపీ తీసుకుని పెళ్లికి పోతున్నట్టు తుమ్మలకుంట పోయాను.

రెజీనా కూడా వచ్చి ఉంది. డోన్ దగ్గర ప్రాథమిక పాఠశాలలో టీచరు, ఉద్యోగంలో చేరి ఎనిమిది నెలలు. కాగితం రెండుసార్లు చదివింది. నేను మెచ్చుకోలు కోసం చూస్తున్నాను.

"తాతా, ఇది ఎవురి టేబుల్ మీద పెడతావు?"

"తహసీల్దారు టేబుల్ మీద. ఇంకెవరి మీద?"

"నా కులం కాగితం గూడా ఆ టేబుల్ మీదనే ఉండాది."

కాగితం ఆమె చేతిలోంచి తీసుకున్నాను. చర్చిలో రెజీనా, బడిలో స్వర్ణలత. మా ఊళ్లో సగం మంది పిల్లలకు ఇలా రెండు పేర్లు. స్వర్ణలత పుట్టింది హిందూ మాల కుటుంబంలో అని సర్టిఫికెట్. ఎస్సీ కోటాలో వచ్చిన ఉద్యోగం. చట్టం ప్రకారం క్రైస్తవులు ఎస్సీలు కారు, బీసీ-సీలు. సర్టిఫికెట్ల తనిఖీ ఇంకా పూర్తి కాలేదు. ఆ పిల్ల ఇంటివాళ్లు 1896 నుంచీ క్రైస్తవులని చర్చి ముద్రతో సహా రాసి ఉన్న కాగితం నా చేతిలో ఉంది. ఊరందరికీ తెలిసిన సంగతే. ఆఫీసు ఫైలుకు మాత్రం తెలియదు.

తప్పు నాదే అయినా కోపం పిల్ల మీదికి పోయింది. "రెండు పేర్లు ఎవరు పెట్టుకోమన్నారు? నేను పెట్టుకున్నానా? బీసీ-సీ అనే రాయించుకున్నాను. ఒక్క అబద్ధమాడకుండా రిటైరయ్యాను."

"చైన్‌మన్ నుంచి సర్వేయరయ్యేదానికి ఇరవై రెండేండ్లు పట్టిందని నువ్వే చెప్తావు గదా తాతా," అంది, గొంతు పెంచకుండానే. "మతం మారినామని మనల్ని ఊళ్లోకి మార్చినారా? అదే మాలగేరిలో ఉండాం గదా. బళ్లో నన్ను ఎనక బెంచీలో కూర్చోబెట్టినప్పుడు నా పేరు రెజీనానా, స్వర్ణలతనా అని ఎవురన్నా అడిగినారా?"

చర్చి కాగితాన్ని మడిచి సంచిలో పెట్టుకున్నాను.

వదిన అప్పటిదాకా శనగలు చెరుగుతూ వింటోంది. చేట పక్కన పెట్టి లోపలికి పోయి, రేకుపెట్టె అడుగు నుంచి గుడ్డలో చుట్టిన కాగితం ఒకటి తెచ్చింది.

"మీ అన్న దాచిపెట్టినాడు. ఎవురూ సదవలేకపాయిరి. నీకొస్తాది గదా, సదువు."

గట్టు తగాదా తీర్చుకుని పక్క చేని రైతుతో రాసుకున్న హద్దుల దస్తావేజు. అదీ గొలుసుకట్టే. అడుగున కొడవలి బొమ్మ. సంతకం రానివాళ్లు అప్పట్లో పనిముట్టు బొమ్మ గీసేవాళ్లు. పక్కన "పుల్లిగాడి నిశాని" అని రాసి ఉంది. తేదీ చూశాను. 1898.

"మతంలో కలిసింది ఎప్పుడంటివి?" అంది వదిన.

"1896."

"రెండేండ్లయినాక గూడా పుల్లన్నేనా?"

దస్తావేజు మళ్లీ చదివాను. అనుమానం లేదు. వెట్టివాడు మతం మారాడని తెలిస్తే ఊరి పెద్దలు మాన్యం లాగేసుకునేవారు. కాబట్టి ఆయన చర్చిలో దావీదు అని పలికాడు, చేని దగ్గర పుల్లిగాడుగానే కొడవలి గీశాడు. ఒక్క పేరుతో బతికానని ఇందాక నేను కొట్టుకున్న గొప్పలు నాకే వెగటనిపించాయి. రెజీనా ముఖం చూడలేక కొడవలి బొమ్మ చూస్తూ కూర్చున్నాను.

"ఆయప్ప నా మాదిరి మనిషే. యాడ ఏ పేరు చెప్పల్లనో తెలిసినోడు," అంది వదిన, కాగితం మళ్లీ గుడ్డలో చుడుతూ.

విచారణ గ్రామ సచివాలయంలో, పొద్దున పదకొండుకు. పోయేముందు వదిన ఒకటే మాట చెప్పింది: "చర్చి కాగితం సంచిలోనే ఉండనీ. నేను అడిగితే తియ్యి. అడక్కుంటే తియ్యాకు." ఏం చేస్తుందో నాకు చెప్పలేదు. రెజీనాకూ చెప్పలేదు. ఆ పిల్ల బడికి సెలవు పెట్టకుండా పొద్దున్నే డోన్ బస్సెక్కింది.

తహసీల్దారు నలభై లోపు వయసున్న ఆడమనిషి, నెమ్మదస్తురాలు. పక్కన వీఆర్వో నిలబడి పిలిచాడు: "సర్వే నంబరు రెండువందల పద్నాలుగు. వెట్టి మాన్యం. పుల్లిగాడి వారసులు ఎవరన్నా ఉంటే రావాల." రెండోసారి పిలవబోతుండగా వదిన కుర్చీ పట్టుకుని లేచింది.

"ఉండాం. పుల్లిగాడు గాదు నాయనా, పుల్లన్న అను. మా ఇంటి పెద్దాయప్ప."

తాత పలకని పిలుపుకు ఆ ఇంటికి కోడలిగా వచ్చిన మనిషి పలికింది. తహసీల్దారు కుర్చీ చూపించి, నా అర్జీ తిరగేసింది.

"కూర్చోమ్మా. ఇందులో మీ మూలపురుషుడు దావీదు అని రాశారు. దావీదు, పుల్లిగాడు ఒకరేనని ఆధారం ఇస్తామన్నారు. తెచ్చారా?"

నా చెయ్యి సంచి మీద ఉంది. వదిన నా వైపు చూడలేదు.

"దావీదా? ఆ దావీదెవురో నాకు తెలీదమ్మా."

"అర్జీలో ఉంది కదా."

"నాకు సదువు రాదు తల్లీ. ఎవురో రాసిచ్చిరి, ఏలిముద్ర ఏసినా. మావోడు పుల్లన్న, అంతే. వేరే కాగితం లేదు."

రోజూ పొద్దున మోకాళ్ల మీద నిలబడి ప్రార్థన చేసుకునే మనిషి! కోడి కూయకముందే యేసును ఎరగనన్న పేతురు మీద ఎన్ని ప్రసంగాలు విన్నాం మేమిద్దరం.

"అర్థమవుతోందా అమ్మా?" అంది తహసీల్దారు. "మధ్యలో ఆధారం లేకపోతే పుల్లిగాడి చేను మీకు రాదు. సర్కారుదే అవుతుంది."

"అయితాది," అంది వదిన. "ఈసారి శనగ కోసుకోనియ్యి, సాలు."

వాంగ్మూలం రాశారు. దావీదు అను వ్యక్తి ఎవరో తనకు తెలియదనీ, అర్జీలో ఆ పేరు పొరపాటున పడిందనీ. నలభై ఏళ్లు వదిన పాదాలు తిరిగిన చేను అయిదు వరుసల్లో పోయింది. ఆమె వేలిముద్ర వేశాక వీఆర్వో కాగితం నా ముందుకు జరిపాడు.

"సాక్షి సంతకం పెట్టండి సార్. మీరు ఆమె వెంట వచ్చినోళ్లే గదా?"

ఒక్క అబద్ధమాడకుండా రిటైరయ్యానన్న నా మాట నా చెవిలోనే మోగింది. పెన్ను తీసుకున్నాను. నాకున్నది ఒకటే పేరు. పొడి అక్షరాలతో పెట్టే అలవాటు లేదు. దావీదురాజు అని నిండుగా పెట్టాను.

తహసీల్దారు కాగితం తీసుకుని చూసింది. దావీదు అను వ్యక్తి ఎవరో తెలియదు అన్న వరుస మీద ఆమె వేలు ఆగింది. అక్కడి నుంచి కిందికి, నా సంతకం మీదికి వచ్చింది. తలెత్తి నా ముఖం చూసింది, వదిన ముఖం చూసింది. ఆమె ముద్ర వేసి, ఫైలు మూసి, తర్వాతి నంబరు పిలవమంది.

బయట వేపచెట్టు కింద ఆటో కోసం నిలబడ్డాం. వదిన చేనున్న దిక్కుకు చూస్తూ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"ఏమని పెట్టినావు సంతకం?" అంది ఆఖరికి.

"నా పేరే పెట్టాను వదినా. ఇంకేం పెట్టను?"

"అవునప్పా," అంది, నా భుజం మీద చెయ్యి వేసి. "పాపం, నీకు రెండో పేరు లేకపాయె గదా."